ఏడు మరకలు లెక్కపెట్టిన రోజు

ఉద్యోగం మానేసినవాళ్ళు చెప్పే మాటలు ఎవరికీ వినబుద్ధి కాదు. నాకు తెలుసు. నేను చేరిన కొత్తలో నాకూ ఒకావిడ ఏదో చెప్పబోతే "సరే అక్కా, సరే అక్కా" అంటూ ఫోను చూసుకున్నదాన్నే. అయినా చెప్తాను. నేనేమీ తల నెరిసి పెన్షను తీసుకుంటున్న మనిషిని కాదు, నాకింకా ముప్పై నిండలేదు. మూడేళ్ళు చేసిన ఉద్యోగం ఒక్క మధ్యాహ్నంతో పోయింది. ఆ మధ్యాహ్నం తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఇలాంటి పనుల్లో కొత్తగా చేరుతున్న చెల్లెళ్ళు ఎవరైనా ఉంటే ఇది వాళ్ళ కోసం. కోపంలో రాస్తున్నాను, ముందువెనకలైతే మీరే సర్దుకోండి.

నేను చేసింది బొమ్మలు చూపించే పని. బందరు పాత వీధుల్లో ఒక మేడ ఉంది. ఆ ఇంటివాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోతే, కొందరు పెద్దమనుషులు ట్రస్టు పెట్టి, దాన్ని బాగుచేసి గ్యాలరీ చేశారు. కింది గదుల్లో కలంకారీ గుడ్డలు, పాత ఫొటోలు, ఇత్తడి సామాను. మేడమీద గదిలో మాత్రం ఒక్కటే బొమ్మ. సగం గోడ ఉంటుంది. ఎవరో ఒకాయన ఆ మేడ కిటికీలోంచి కిందికి చూస్తూ, కింద కనిపించే వీధినే రంగుల్లో వేశాడు. అటూ ఇటూ పెంకుటిళ్ళు, వాటి ముందు ఎత్తరుగులు, మధ్యలో మట్టి రోడ్డు. ఒక్క మనిషి కూడా లేడు. వేసినాయన ఎవరో, ఎప్పుడు వేశాడో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఆ ఇంటికి వచ్చిన చుట్టం అనేవాళ్ళు కొందరు.

ఆ బొమ్మ పక్కన చీర కుచ్చిళ్ళు సర్దుకుని నిలబడి, వచ్చినవాళ్ళకి దాని అర్థం చెప్పాలి. అదీ నా ఉద్యోగం. నేను చదివింది పది. ఇంటర్‌లో ఒక సబ్జెక్టు ఇప్పటికీ ఉండిపోయింది. మరి నన్నెందుకు తీసుకున్నారంటే, గొంతు కోసం. మాది గిలకలదిండి. అమ్మమ్మల దగ్గర్నుంచీ చేపలమ్మినవాళ్ళం, నాలుగు వీధుల అవతలికి వినపడేలా మాట్లాడటం మాకు పుట్టుకతో వస్తుంది. ఇంటర్వ్యూలో సెక్రటరీ గారు "గొంతు బాగుందమ్మాయ్, కొంచెం తగ్గించుకుంటే చాలు" అన్నారు.

సెక్రటరీ గారిది గుడివాడ. ఎక్కడో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. వారానికి రెండుసార్లు రైల్లో వచ్చేవారు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. బొమ్మ గురించి నేను చెప్పాల్సింది ఆయనే రెండు పేజీలు టైపు చేయించి ఇచ్చారు. అందులో ఒక వాక్యం ఇప్పటికీ నోటికొచ్చు: "ఈ చిత్రంలోని నిశ్శబ్దమే ఆనాటి పురజనుల సంస్కారం." పురజనులంటే ఏమిటని అడిగితే "ఊళ్ళోవాళ్ళు" అన్నారు. మరి ఊళ్ళోవాళ్ళనే రాయొచ్చు కదండీ అంటే నవ్వేసి వెళ్ళిపోయారు.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. మొదట్లోనే చెప్పేస్తే మంచిది, లేకపోతే చివర్లో నేనేదో ధర్మదేవతలా కనిపిస్తాను.

ఆ బొమ్మలోని వీధిలోనే, అంటే గ్యాలరీ గేటు బయటే, రోజూ పొద్దున్న ఆరున్నర నుంచి పదకొండు దాకా పదకొండు మంది ఆడవాళ్ళు చేపలు పెట్టుకుని కూర్చునేవాళ్ళు. వాళ్ళలో మా అమ్మ ఒకతె. హార్బరులో పడవలు రాగానే వేలం పాటలో కొనుక్కుని, బుట్టలు ఆటోలో వేసుకుని వచ్చేవాళ్ళు. ఎవరి చోటు వాళ్ళది, ఎవరి వాడుక ఇళ్ళు వాళ్ళవి. ఏ ఇంట్లో చందువా తింటారో, ఏ ఇంట్లో నెత్తళ్ళే అడుగుతారో, ఏ ఇంట్లో ముసలాయనకి ముళ్ళు లేకుండా కోసివ్వాలో మా అమ్మకి కొట్టినపిండి.

ఉద్యోగంలో చేరిన వారానికి నేను మా అమ్మతో ఒక మాట అన్నాను. "గేటు దగ్గర నన్ను పిలవకమ్మా. పైన అందరూ చూస్తున్నారు" అన్నాను. మర్నాటి నుంచి నేను వీధి మలుపు తిరగ్గానే వంగి చేపల మీద నీళ్ళు చల్లుకునేది. నేను దాటి గేట్లోకి వెళ్ళేదాకా చల్లుతూనే ఉండేది. చేపల మీద అన్ని నీళ్ళు ఎవరూ చల్లరు.

గ్యాలరీకి వచ్చేవాళ్ళు ఈ బుట్టలు దాటుకుని, ముక్కు మూసుకుని లోపలికొచ్చేవాళ్ళు. పైకెక్కి బొమ్మ ముందు నిలబడేసరికి కూడా వాళ్ళ మొహాల్లో ఆ చిరాకు ఉండేది. ఒకరోజు నేను స్క్రిప్టు చెప్తూ చెప్తూ, నా సొంతంగా ఒక మాట కలిపాను. "అప్పట్లో ఈ వీధిలో బేరాల గోల లేదండి, బుట్ట దించిన మనిషి లేదండి, చేపల వాసనే లేదండి! మీరు ఒక వందేళ్ళు ఆలస్యంగా వచ్చారు" అన్నాను. అందరూ పకపకా నవ్వారు. ఒకావిడ నా భుజం తట్టింది. ఇక చూసుకోండి, నవ్వు రుచి మరిగిన నోరు ఆగుతుందా? ప్రతి గుంపుకీ అదే చెప్పాను. రోజురోజుకీ కాస్త మసాలా కూడా వేశాను. చేయి ముక్కు దగ్గర పెట్టి చూపించేదాన్ని. కిటికీ కింద మా అమ్మ ఉండగా!

అందులో ఒకళ్ళెవరో ఫోనులో తీశారు. అది నాకు తెలియదు. తెలిసిన రోజు ఇలా తెలిసింది.

పొద్దున్న గేటు దగ్గరికి రాగానే అమ్మ పక్క బుట్ట అత్త లేచి నిలబడింది. చుట్టం కాదు, చిన్నప్పట్నుంచీ అత్తా అని పిలుస్తాను. ఆవిడ నోరు మా పేటలోకల్లా పెద్దది.

"రావమ్మా రా, సినిమా స్టారూ! నీ సినిమా సూశాం. వాసనంట వాసన! ఏవే, నువ్వు కట్టుకున్న ఆ చీరకేం వాసనొత్తందో ఒకసారి సూస్కో. చేపలమ్మి కొన్న చీరే గదే!"

"ఏం సినిమా అత్తా?"

ఫోను నా మొహం మీద పెట్టింది. నేనే. ముక్కు పట్టుకుని, కళ్ళు తిప్పుతూ, "బుట్ట దించిన మనిషి లేదండి" అంటున్నాను. చుట్టూ నవ్వులు. దాని కింద ఎవరో రాశారు, ఈ వీధిని మళ్ళీ ఇలాగే చూడాలని ఉందని. వీధిలో ఇళ్ళున్న కొందరూ ట్రస్టువాళ్ళూ కలిసి మున్సిపల్ ఆఫీసులో అర్జీ పెట్టారట. దీన్ని వారసత్వ వీధి చెయ్యాలి, బల్లలు వెయ్యాలి, దీపాలు పెట్టాలి, చేపలవాళ్ళని ఊరి చివర కొత్త షెడ్డుకి పంపాలి. పాతకాలంలో ఇక్కడ అంగడి లేదనడానికి ఋజువు ఏమిటంటే మేడమీది బొమ్మ. ఆ బొమ్మకి అర్థం ఏమిటంటే నా వీడియో. ఆఫీసరు వచ్చి బొమ్మ చూసి తేలుస్తాడట.

"అమ్మా," అన్నాను.

మా అమ్మ తలెత్తలేదు. "టైమయ్యింది, లోపలికెల్లు" అంది. తిడితే బాగుండేది.

ఆ షెడ్డు గురించి మీకు తెలియదు కాబట్టి చెప్తున్నాను. అక్కడికి చేపలు కొనడానికి నడిచొచ్చే మనిషి ఉండడు. ఐసు పెట్టెలు పెట్టుకుని చెరువు చేపలమ్మే మగాళ్ళు ముందు వరసంతా ఆక్రమించారు. ముదినేపల్లి వైపు నుంచి వాళ్ళకి లారీల్లో సరుకు దిగుతుంది. ఒక్క బుట్ట సముద్రం చేపతో వచ్చిన ఆడమనిషి అక్కడ ఎండెక్కేదాకా కూర్చుంటే, ఇంటికి తీసుకెళ్ళి ఉప్పు చల్లి ఎండబెట్టుకోవడమే. ఈ వీధి పోతే మా అమ్మ వ్యాపారం పోయినట్టే. అది పోవడానికి నా ముక్కు మీద వేలు చాలింది.

సెక్రటరీ గారు వచ్చిన రోజు పరుగెత్తుకెళ్ళాను. "సార్, ఆ బుట్టల మాట స్క్రిప్టులో లేదు. నేను కలిపింది. నవ్వుతారని కలిపాను."

"తెలుసమ్మాయ్. చాలా బాగా కలిపావు. అసలు నేనే రాయాల్సింది, తట్టలేదు" అన్నారు. "ఆఫీసరు గారు వచ్చినప్పుడు అదే మాట అలాగే చెప్పు. ముక్కు మీద చెయ్యి మాత్రం వద్దు, హుందాగా ఉండదు."

"మా అమ్మ కూడా అక్కడే కూర్చుంటుంది సార్."

పెన్ను ఆపారు. మూడేళ్ళుగా ఆయన ఆ బుట్టల మధ్యనుంచే నడిచొస్తున్నారు. "ఏ ఆవిడ?" అని అడిగారు. నేను చెప్తే కిటికీలోంచి చూడను కూడా లేదు. "సరేలే, మీ అమ్మగారికి షెడ్డులో ముందు వరసలో చోటు ఇప్పించే పూచీ నాది. నువ్వు నీ పని చెయ్యి" అన్నారు.

సగం రోజు నేను ఆ మాట మీద ఆలోచించాను. దాచుకోవడం దేనికి? ముందు వరస అంటే మంచిదే కదా, మిగతా పదిమంది సంగతి నాకెందుకు అని కూడా అనుకున్నాను. అలా అనుకున్నందుకు నా మీద నాకున్న కోపం ఇంకా తీరలేదు.

మా గ్యాలరీలో వాచ్‌మన్ ఉండేవాడు. అందరం బాబాయ్ అనేవాళ్ళం. దివిసీమ మనిషి, అవనిగడ్డ అవతల. నలభై ఏళ్ళు పొలం పనులు చేసి, నడుం పట్టేసి, చర్చి పెద్దల సిఫారసుతో ఇక్కడ కుర్చీలో కూర్చున్నాడు. మూడేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా మేడెక్కి ఆ బొమ్మ చూడలేదు. ఎందుకని అడిగితే "కింద అసలు వీధి ఉండగా బొమ్మెందుకమ్మా" అనేవాడు. ఆ రోజు మధ్యాహ్నం నేను అన్నం తినకుండా బొమ్మ ముందు కూలబడ్డానని విని, చెప్పులు విప్పి పైకొచ్చాడు.

చాలాసేపు చూశాడు. "ఇది పన్నెండు గంటలమ్మా" అన్నాడు.

"ఏది?"

"ఈ బొమ్మ. ఆయనెవరో పన్నెండింటికి కూర్చుని ఏశాడు. ఇటు ఇళ్ళ చూరు నీడ సూడు, అటు ఇళ్ళ చూరు నీడ సూడు. రెండూ ఒకే మందం. అరుగు అంచు దాటలేదు. పొద్దున్నయితే తూర్పు ఇళ్ళ నీడ రోడ్డుకి అడ్డంగా పడుకునుండాలి కదా. సాయంత్రమైతే ఇటువైపు ఇళ్ళది పడాలి. రెండూ సమానంగా ఉన్నాయంటే పొద్దు నడినెత్తిన ఉన్నట్టు."

"నీకెలా తెలుసు బాబాయ్?"

"ఊడుపుల్లో వాచీ ఎవడిదమ్మా? కూలోళ్ళకి గట్టు నీడే వాచీ."

లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాను. అప్పుడు కూడా పన్నెండు దాటి కాసేపే అయింది. కింద వీధి చూశాను. చూరు నీడలు అరుగు అంచున ఆగాయి. మనిషి లేడు. మా అమ్మ లేదు, అత్త లేదు, పదకొండుకే బుట్టలెత్తుకుని వెళ్ళిపోయారు. తలుపులన్నీ వేసున్నాయి. కింద వీధి అచ్చం బొమ్మలాగే ఉంది! ఇప్పటి వీధి కూడా రోజూ పన్నెండింటికి అంత సంస్కారంగానే ఉంటుంది. మిట్టమధ్యాహ్నం ఎండప్పుడు ఆయనెవరో వేసిన బొమ్మ చూసి, అందులో మనిషి లేడని నలుగురూ చేరి మురిసిపోతున్నారు. వేసినాయన తప్పు లేదు. తీరికైనప్పుడు వేసుకున్నాడు. తప్పు చదివినవాళ్ళది. మూడేళ్ళు దాని పక్కనే నిలబడి చూడనిదాన్ని నేను.

అప్పుడు మొదటిసారి బొమ్మని మా పేట పిల్లలా చూశాను. ఇంతకుముందు సెక్రటరీ గారి రెండు పేజీల్లోంచి చూశాను మరి. చూస్తే అన్నీ కనపడటం మొదలెట్టాయి. చూరు మీద వరసగా కాకులు, అన్నీ తలలు కిందికి వంచి ఉన్నాయి. ఒక గడప పక్కన గరుకు రాయి, దాని మీద బూడిద. అది దేనికో మా పేటలో నాలుగేళ్ళ పిల్లనడిగినా చెప్తుంది, చేప పొలుసు తోమడానికి. అరుగుల అంచుల మీద గుండ్రంగా నల్లటి మరకలు. చేపల బుట్ట దించినచోట నీళ్ళు ఆరిపోయినా మరక పోదు. అరుగు రాయి ఆ జిడ్డు పీల్చుకుంటుంది.

ఆఫీసరు వచ్చే రోజుదాకా నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు, బాబాయ్‌కి తప్ప. ఆ ఆఫీసరు పదకొండున్నరకి వచ్చాడు. వెనక ఒక గుమాస్తా ఫైలు పట్టుకుని. సెక్రటరీ గారు కొత్త చొక్కా వేసుకున్నారు. వీధిలో ఇళ్ళున్న పెద్దమనుషులు నలుగురు వచ్చారు. చేపలవాళ్ళని ఎవరూ పిలవలేదు. అయినా పదకొండు మందీ బుట్టలు సర్దుకుని గేటు బయట నిలబడ్డారు. "పైకి రావచ్చా బాబూ" అని అత్త అడిగితే "వాసన" అన్నారు ఒకాయన.

నేను మొదలుపెట్టాను. "ఈ చిత్రంలోని నిశ్శబ్దమే..." అన్నాను. ఆగిపోయాను. భయంతో కాదు.

"చెప్పమ్మా, ఆ బుట్టల మాట చెప్పు. వీడియోలో చూశాను, సరదాగా ఉంది" అన్నాడు ఆఫీసరు.

"ఆ మాట అబద్ధమండి. నేనే కల్పించాను. నవ్వించడానికి."

"అమ్మాయ్!" అన్నారు సెక్రటరీ గారు. "స్క్రిప్టులో ఉన్నది చెప్పు."

"స్క్రిప్టులో లేదు కదండీ సార్. అదే చెప్తున్నా." ఇంక ఆగలేదు. నీడలు చూపించాను. కాకుల్ని చూపించాను. "ఏమీ దొరకని వీధిలో ఇన్ని కాకులు ఎందుకుంటాయండి? సంస్కారం చూడ్డానికి వచ్చాయా?" అన్నాను. గుమాస్తా ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వాడు.

"ఇదంతా ఊహ" అన్నారు సెక్రటరీ గారు. ఆయన మెడ ఎర్రబడింది. "చిత్రకళలో ఊహకి ఆధారం ఉండాలి. చిత్రకారుడి ఉద్దేశం ప్రశాంతత. నువ్వు పది చదివి..."

"పదే చదివానండి. చేపల బుట్ట మరక గుర్తుపట్టడానికి పది కూడా అక్కర్లేదు. ఆధారం కావాలా? ఇదిగో ఒకటి, ఇదిగో రెండు, ఈ స్తంభం పక్కన మూడు..." వేలు పెట్టి చూపిస్తూ గట్టిగా లెక్కపెట్టాను. "ఏడు! ఏడు బుట్టలు దిగాయండి ఈ వీధిలో. మీరూ లెక్కపెట్టుకోండి."

ఆఫీసరు దగ్గరికొచ్చి లెక్కపెట్టాడు. గుమాస్తా ఫైల్లో ఏదో రాసుకున్నాడు. వాడు రాయడం చూసి నాకెంత గర్వమేసిందో! నా మాట ఫైల్లోకి ఎక్కింది మరి.

"పన్నెండయింది బాబుగారూ, ఒకసారి కిటికీలోంచి సూడండి" అన్నాడు గుమ్మం దగ్గర నిలబడ్డ బాబాయ్. ఆయన ఉద్యోగం కూడా అక్కడే ఉందని మర్చిపోకండి. ఆఫీసరు చూశాడు. బొమ్మ చూశాడు, మళ్ళీ కింద చూశాడు. నీడలు అచ్చంగా అలాగే ఉన్నాయి. గేటు నీడన ఒదిగి నిలబడ్డ ఆడవాళ్ళు పై నుంచి కనపడలేదు. పెద్దగా నవ్వాడు. "సెక్రటరీ గారూ, మీ అమ్మాయి మీకే పాఠం చెప్పిందండీ" అన్నాడు.

ఆ మాటతో నా పని అయిపోయిందని నాకప్పుడే తెలిసింది. ఆయన వెళ్ళగానే సెక్రటరీ గారు కేకలేమీ వెయ్యలేదు. "నీకు రేపటి నుంచి ఇబ్బంది లేకుండా చేస్తాను" అన్నారు. ఎంత మర్యాదో చూడండి. గేటు బయట మాత్రం అత్త నన్ను ఎత్తుకున్నంత పని చేసింది. "నోరంటే ఇదీ నోరు! ఎవరి పిల్లనుకున్నారు!" మా అమ్మ నా చెయ్యి పట్టుకుంది. వీధిలో, అందరూ చూస్తుండగా. అమ్మ చేతికి పొలుసులున్నాయి, నాకూ అంటుకున్నాయి. ఇంటికెళ్ళేదాకా చెయ్యి కడుక్కోలేదు.

మూడు వారాలు పండగే. తర్వాత ఒక పొద్దున్న గుమాస్తా వచ్చాడు, పసుపు రంగు డబ్బాతో ఇంకొకడిని వెంటబెట్టుకుని. నేను కూడా అమ్మ పక్కనే ఉన్నాను, అప్పటికి పని లేదు కదా. ఆ డబ్బావాడు రోడ్డు పక్కన టేపు పెట్టి కొలిచి, పసుపు రంగుతో చదరంగా ఒక గడి గీశాడు. చేపలవాళ్ళు ఇక మీదట గడిలోనే బుట్ట దించాలట. సరే, మంచిదే అనుకున్నాం. రెండు గీశాడు, మూడు గీశాడు. ఏడు గీసి డబ్బా మూత పెట్టాడు.

"ఇంకో నాలుగు బాబూ" అంది అత్త.

"ఏడేనమ్మా ఆర్డరు."

"పదకొండు మందిమి ఉన్నాం కదా, కళ్ళు కనపడతల్లేదా?"

గుమాస్తా ఫైలు తెరిచి చదివాడు. పాత చిత్రం ఆధారంగా ఈ వీధిలో ఏడు చోట్ల చేపలమ్మే ఆచారం ఉన్నట్టు తేలినందున, ఏడుగురికి అనుమతి. గడుల బయట బుట్ట దించరాదు. చదివి నా వైపు చూశాడు. "మీరే కదమ్మా లెక్కపెట్టింది" అన్నాడు. వాడి గొంతులో వెటకారం కూడా లేదు. అదే ఇంకా ఒళ్ళు మండించింది.

"అది కిటికీలోంచి వేసిన బొమ్మండీ! ఆ మలుపు కిటికీలోంచి కనపడదు. మలుపు దగ్గర నలుగురు కూర్చుంటారు. బొమ్మ అంచు వచ్చిందని ఆయన వెయ్యడం ఆపాడు, వీధి ఆగిపోయిందా అక్కడ?" అరిచాను. మేడమీద ఆ ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. అది వదిలేసి ఒకటీ రెండూ మూడూ అని వేళ్ళు చూపించి వచ్చాను. ఆధారం అడిగితే ఆధారం ఇవ్వడమే గొప్ప అనుకున్నాను. ఎంత ఇచ్చామో దానికి మించి ఒక్కటి కూడా వాళ్ళు ఇవ్వరని నాకేం తెలుసు?

"మీరు చెప్పింది ఆ రోజే చెప్పాలమ్మా. ఇప్పుడు ఆర్డరైపోయింది."

డబ్బావాడి చేతిలోంచి కుంచె లాక్కున్నాను. ఎనిమిదో గడి నేనే గీశాను, వంకరటింకరగా. సగం రంగు నా చీర మీదే పడింది. ఎవరూ ఆపలేదు. గీసి "కూర్చో అమ్మా" అన్నాను.

మా అమ్మ కూర్చోలేదు. మిగతావాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు. ఎవరు లేవాలి? ముప్పై ఏళ్ళుగా పక్కపక్కన కూర్చున్నవాళ్ళు. అత్తకి ఆడపిల్లల పెళ్ళిళ్ళు కావాలి, ఇంకొకావిడకి మొగుడు మంచం మీదున్నాడు. మా అమ్మ చుట్టకుదురు తల మీద పెట్టుకుని, "ఒక పట్టు పట్టవే" అంది నాతో. బుట్ట ఎత్తించుకుంది.

"నువ్వెందుకు లేస్తావొదినా?" అంది అత్త. మొట్టమొదటిసారి ఆవిడ గొంతు చిన్నగా వినపడింది.

"లెక్కపెట్టింది నా కూతురు కదా. ఇంకెవరు లేత్తారు?" అంది అమ్మ. కోపంగా అనలేదు. అందుకే ఆ మాట నాకింకా గుచ్చుకుంటూ ఉంది. తర్వాత ఇంకో ముగ్గురు లేచారు. వాళ్ళు షెడ్డుకి వెళ్ళారు. నేను గీసిన గడిని మధ్యాహ్నానికే తుడిచేశారట.

ఇప్పుడు నేను ఇంట్లోనే రోల్డుగోల్డు గాజులకి రాళ్ళు అతికే పని చేస్తున్నాను. కళ్ళు లాగుతాయి, కానీ రాళ్ళకి అర్థం చెప్పక్కర్లేదు. గ్యాలరీలో కొత్తమ్మాయి చేరింది. నీడల సంగతీ కాకుల సంగతీ స్క్రిప్టులోకి ఎక్కాయి, సెక్రటరీ గారి పరిశోధన అని. చెల్లీ, నీ మీద నాకేం కోపం లేదు. నిన్ను ఏదైనా లెక్కపెట్టమంటే మాత్రం, ముందు ఎందుకని అడుగు.

మా అమ్మ షెడ్డుకి వెళ్ళలేదు. యాభై దాటిన మనిషి, మళ్ళీ చిన్నప్పటిలా బుట్ట నెత్తిన పెట్టుకుని వీధివీధీ తిరుగుతోంది. ఆ వీధికి రోజూ తొమ్మిదింటికి వస్తుంది. అరుగులు ఎత్తు కదా, ఇళ్ళ ఆడవాళ్ళు అరుగు మీద నిలబడితే బుట్ట వాళ్ళ చేతికి సరిగ్గా అందుతుంది. నెత్తి మీద నుంచే ఏరుకుంటారు. అమ్మ మెడ తిప్పకుండా నిలబడి బేరం చెప్తుంది. బుట్ట మాత్రం నేల మీద దించదు. ఇంకో ఇంటికి వెళ్తూ కేకేస్తుంది. అది మామూలు కేక కాదు, నా గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడి కేక. పైన కొత్తమ్మాయి మాట వచ్చినవాళ్ళకి వినపడదట. కిటికీ మూస్తే లోపల ఉక్కపోత.

మొన్న సెక్రటరీ గారు బాబాయ్‌ని కిందికి పంపారట, ఆవిడని ఈ వీధిలో అరవొద్దని చెప్పు అని. బాబాయ్ నెమ్మదిగా మెట్లు దిగి వెళ్ళి, "అమ్మా, అరవొద్దంటన్నారు" అన్నాడు.

"బుట్ట దించానా అన్నయ్యా?"

"లేదమ్మా."

"అరవకూడదని కాయితంలో రాశారా?"

"రాయలేదమ్మా."

"అయితే కొంచెం తప్పుకో. చందువాలు ఎండకి పాడవుతన్నాయి" అంది అమ్మ.

బాబాయ్ తప్పుకున్నాడు.